దవడకి కట్టిన తీగలు

అలా గుడ్లురిమి చూస్తే ఇక్కడెవరూ భయపడరు. ముందు ఈ గొట్టం నోట్లో పెట్టుకో. బంగాళాదుంప సూపు. నేనే కాచాను, నేనే వడగట్టాను. విషం కలపలేదులే. కలిపేదాన్నయితే ఇన్నాళ్ళు ఆగుతానా?

పీల్చు. పళ్ళ సందులోంచి పీల్చమని డాక్టరు చెప్పాడు కదా! దవడకి తీగలు బిగించారు గానీ పెదాలు కుట్టెయ్యలేదుగా!

అదిగో, మళ్ళీ మొహం అటు తిప్పుతావు. నీ మొండితనం మండిపోనూ! సరే, మానెయ్. కడుపు మాడితే నీదే మాడుతుంది.

హైరం, ఇటు చూడు. నేను కిటికీ దగ్గర నిలబడింది గాలి కోసం కాదు. కింద ఆసుపత్రి గుమ్మం ముందు ఎర్ర ట్రక్కు ఆగి ఉంది. నీ అన్న కొడుకు డ్వైట్‌ది. తుపాకీ ముట్టని మన సంఘం వదిలిపోయాడని నువ్వు గుమ్మం తొక్కనివ్వవే, ఆ డ్వైట్. వాడి పక్క సీట్లో మన గేలన్ కూర్చున్నాడు. అవునయ్యా, మన గేలనే. పదకొండింటికి సైన్యంలో చేర్చుకునే ఆఫీసుకి పోతున్నాడు. అక్కడ వాడు తన చేత్తో సంతకం పెట్టేశాడంటే ఇంక దేవుడొచ్చినా వెనక్కి తేలేడు. మీ వంశంలో తుపాకీ పట్టిన మొదటివాడు నీ కొడుకే అవుతాడు.

పైకి రమ్మన్నాను. బతిమాలాను. జబ్బ పట్టుకుని లాగాను కూడా. కదిలితేనా! అచ్చం నీ పోలికే.

అందుకే ఈ కాగితం, పెన్సిలు నీ ఒళ్ళో పెట్టాను. ఒక్క మాట రాయి. 'ఇంటికి రా' అని రాయి చాలు. పట్టుకుని మెట్లు దిగి పరిగెడతాను. రాయవయ్యా, నీకు పుణ్యముంటుంది!

ఏదీ? ఏం రాశావు? 'ముందు మోకరించమను.'

ఛీ! దవడ విరిగినా నీ పొగరు విరగలేదు కదా! ఈ సూపు గిన్నె నీ నెత్తిన బోర్లించాలని ఉంది నాకు. వేడిగా ఉండగానే.

ఎందుకు మోకరించాలయ్యా వాడు? ఏం చేశాడని? ఎవణ్ణన్నా చంపాడా? ఎవరి పెళ్ళాన్నన్నా లేవదీసుకుపోయాడా? లైసెన్సు తెచ్చుకున్నాడు. అంతేగా? ఆ లైసెన్సన్నా వాడడిగాడా? 'నా చూపు ఆనడం లేదు, పాల వ్యాను నడిపే మనిషి కావాలి, పిల్లాడికి పదిహేడొచ్చాయి, తీసుకెళ్ళు ఓర్ఫా' అన్నదెవరు? ఈ మంచం మీద మూలుగుతున్న పెద్దమనిషి కాదూ?

తీసుకెళ్ళాను. తల మీద ముసుగు సర్దుకుని, మెరుపు కనపడకూడదని బంపరుకి నల్లరంగు పూసిన మన కారేసుకుని పోయాను. కౌంటర్లో పిల్ల కాగితం తోసింది. మైనరు కదా, తల్లో తండ్రో సంతకం పెట్టాలంది. చదివితే ఏముంది అందులో? 'ఇదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను' అని!

ప్రమాణమా! మనమా! అవునంటే అవును, కాదంటే కాదు. అంతకు మించి మన నోట రావచ్చా? పెన్ను కింద పడేశాను. 'ఈ మాట కొట్టేస్తేగానీ సంతకం పెట్టను' అన్నాను. 'అందరూ పెడతారమ్మా' అందా పిల్ల. 'అందరూ నరకానికి పోతే నేనూ పోవాలా?' అన్నాను. వెనక లైనంతా గొణుగుడు. ఎవడో 'ఈ ముసుగు ముసలమ్మ తెమలదు, పొద్దుపోయేదాకా ఇక్కడే' అన్నాడు. అననీ! లోపల్నుంచి పెద్దాఫీసరొచ్చాడు. ఆయనతోనూ పోట్లాడాను. ఆఖరికి ఆయన విసిగిపోయి ఆ మాట కొట్టేసి, పైన 'ఒప్పుకుంటున్నాను' అని రాసి, పక్కన తన పొడి సంతకం పెట్టాడు. నేను గెలిచాను! ఎంత గెలుపనుకున్నావు! దర్జాగా కింద సంతకం చేశాను.

దాని కింద ఇంకో పేరా ఉంది. చదివానా? నా మొహం. దోమని వడగట్టి ఒంటెని మింగడమంటే ఇదే. మగపిల్లాడైతే, పద్దెనిమిది నిండగానే వాడి పేరు సైన్యం పిలుపు జాబితాలోకి ఎక్కుతుందట. దానికి వేరే అడగక్కర్లేదట. లైసెన్సు కోసం పెట్టిన ఆ సంతకమే ఒప్పుదలట. ఆడపిల్ల అయ్యుంటే ఈ గొడవే లేదు.

మరి నువ్వేం చేశావు? ఆదివారం కూటం అవగానే 'మా ఓర్ఫా సర్కారు చేతే మాట కొట్టించింది' అని కనపడ్డవాడికల్లా చెప్పుకున్నావు. రూబెన్ బిషప్పు అంతటివాడు నా వంక చూసి తలూపాడు. మనవాళ్ళు మీసాలు పెంచరు గానీ, పెంచితే ఆ రోజు నువ్వు మెలేసుకునేవాడివే!

గేలన్ పద్దెనిమిదో పుట్టినరోజు వెళ్ళాక పోస్టులో వచ్చింది కార్డు. 'మీ పేరు నమోదైంది, ధన్యవాదాలు' అట. ధన్యవాదాలు! దాంతో పాటు రంగుల కాగితం ఒకటి. మొహానికి మసి పూసుకుని తుపాకీ పట్టుకున్న కుర్రాడి బొమ్మ, కింద ఫోను నంబరు. ఆ కాగితం పొయ్యిలో పడెయ్యమన్నాను వాణ్ణి. పడేశాడనే అనుకున్నాను.

ఆ పేరు తీయించాలని నేను పడ్డ పాట్లు నీకు తెలీవు. పాలు పితికొచ్చి ఆ ఫోను ముందే కూర్చునేదాన్ని. ఇది నొక్కు, అది నొక్కు. ఆఖరికి మనిషన్నవాడొకడు దొరికాడు. మర్యాదగానే చెప్పాడు. 'ఒకసారి ఎక్కిన పేరు దిగదమ్మా. పిలుపంటూ వస్తే అప్పుడు చెప్పుకోండి, యుద్ధం మా మతానికి పడదని. ఇప్పుడేమన్నా పిలుస్తున్నారా ఎవర్నన్నా?' అన్నాడు. ఇల్లంటుకున్నాక బావి తవ్వుకోమంటాడు!

ఆ సంగతి చెబుదామని నీ దగ్గరికొస్తే నువ్వు నాతో మాట్లాడితేనా! వాడి పేరెక్కిందని తెలిసి ఊళ్ళో నీ తల కొట్టేసినట్టయిందాయె. నన్ను కూటంలో నిలబెట్టడానికి నీకు మొహం చెల్లలేదు, మొన్నమొన్నే కదా పొగిడి పొగిడి మోశావు! ఆడదాన్ని కొట్టడానికి చెయ్యి రాలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించావు.

చూపు తిప్పుకోకు. వినాలి నువ్వు. నీకిప్పుడు వినడం తప్ప వేరే పని లేదు.

పందులు కోసే రోజు. పొద్దున్నే మంచు గడ్డకట్టి ఉంది. పెద్ద గంగాళంలో నీళ్ళు తెర్లుతున్నాయి. అప్పటికే రెండింటిని కోసి కాళ్ళకి అడ్డకర్ర దూర్చి తలకిందులుగా వేలాడగట్టాం. కింద తొట్టిలో నెత్తురు పొగలు కక్కుతోంది. గేలన్‌కి మోచేతుల దాకా నెత్తురే. పాటేదో కూనిరాగం తీస్తున్నాడు పిల్లాడు. నేను పేగులు కడుగుతున్నాను. నువ్వు బిషప్పింటి నుంచి వచ్చావు. టోపీ కూడా తియ్యలేదు.

'ఆదివారం సంఘం ముందు మోకాళ్ళ మీద పడి, తప్పు చేశానని చెప్పాలి నువ్వు' అన్నావు.

వాడెంత నెమ్మదిగా అడిగాడు! 'నేనేం తప్పు చేశాను నాన్నా? పేరేగా ఎక్కింది. పిలిస్తే తుపాకీ పట్టనని అప్పుడు చెప్తాను. అమ్మ తెలీక పెట్టింది. తెలీక జరిగినదానికి అందరి ముందూ నేను మోకరించాలా?' అన్నాడు. ఇందులో పెడసరం ఏముంది? చెప్పు!

నువ్వు మీ తాత కథ ఎత్తావు. ఆ కథ నాకు తెలీదా? కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం వింటున్నదే. మొదటి పెద్ద యుద్ధంలో పట్టుకుపోయారు. యూనిఫాం వేసుకోమన్నారు, వేసుకోలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. బట్టలూడదీసి చన్నీళ్ళు కొట్టారు. గచ్చు తోమే చీపుళ్ళతో ఒళ్ళు తోమారు, తోలూడి నెత్తురు కారేదాకా. మెడకి తాడేసి దూలం మీంచి లాగారు, కాలివేళ్ళు నేల వదిలేదాకా. చెయ్యెత్తలేదు, పల్లెత్తు మాటనలేదు. ఇంటికొచ్చి దగ్గి దగ్గి పోయాడు. మహానుభావుడే! కాదన్నానా?

వాడూ కాదనలేదు. వాడన్నది నాకింకా చెవుల్లో ఉంది. 'ముత్తాత తన తోలు తానిచ్చాడు నాన్నా. నువ్వు నా తోలు ఇస్తానంటున్నావు. అదీ బిషప్పు ముందు నీ పరువు కోసం' అన్నాడు.

నిజం కదా మరి! నిజం కాబట్టే నీకు కాలింది.

గోడకున్న పాత జీను తోలుపట్టీ లాగావు. ఇత్తడి బకిలున్న వైపు వదిలేసి రెండో వైపు పట్టుకున్నావు చేత్తో. చూశాను నేను. కావాలనే అలా పట్టుకున్నావు. మొదటిది వీపు మీద పడింది. చొక్కా చిరిగింది. 'మోకరించు' అన్నావు. వాడు నిలబడ్డాడు. మళ్ళీ కొట్టావు. 'మోకరించు.' మెడ మీద తట్టు తేలింది. 'మోకరించు.' బకిలు కనుబొమ్మకి తగిలి కన్నంతా నెత్తురు నిండింది. పందిది ఏదో వాడిది ఏదో తెలీడం లేదు. నీ నోట్లోంచి నురగ. కుక్కని కొట్టినట్టు కొట్టావయ్యా! కాదు, కుక్కనైతే ఎప్పుడో వదిలేసేవాడివి.

వాడు చెయ్యెత్తలేదు. అది చూశావా? నిన్ను మించిన బలం వాడిది. తలుచుకుంటే నిన్నెత్తి ఆ గంగాళంలో కుదేసేవాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ లేచిపోతుందోనని. మీ తాతని కళ్ళారా చూడాలని ఏడుస్తావు కదా ఎప్పుడూ! నీ ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయావు. నువ్వేమో తాడు లాగే సోల్జరు పక్కనుండిపోయావు.

అప్పుడు నేను మూడో పందికని పక్కన పెట్టిన అడ్డకర్ర తీశాను. ఆ తర్వాత సంగతి నీ దవడ చెప్తుంది.

ఏంటి? మూలుగుతున్నావెందుకు? నొప్పా? ఉండనీ.

షెరీఫ్ మనిషొచ్చి ఏమైందని అడిగితే 'మా ఇంటి సంగతి' అని రాసిచ్చావట. నర్సు చెప్పింది. ఆ ఒక్కదానికి నీకు దండం పెడతాను. నన్ను పట్టించొచ్చు, పట్టించలేదు. అంత పెద్ద మనసున్నవాడివి, ఆ మనసులో చారెడు నీ కొడుక్కి పడెయ్యలేవా?

అయ్యో, డ్వైట్ కిందికి దిగాడు. సిగరెట్టు ఆర్పేసి వాచీ చూసుకుంటున్నాడు. గేలన్ తలెత్తలేదు. కన్ను మీద ఇంకా కట్టుంది. ఆ కట్టుతోనే పోతాడా వాళ్ళ దగ్గరికి? అదేంటని వాళ్ళడిగితే ఏం చెప్తాడు? శాంతిగా బతకమని మా నాన్న నేర్పిన గుర్తండీ అంటాడా?

హైరం, నేను ఇప్పటిదాకా తిట్టింది తిట్టుకాదనుకో. కాళ్ళు పట్టుకుంటున్నాను, చూడు. దుప్పటి మీంచే పట్టుకుంటున్నాను. ఆ కాగితం మన పిల్లాడి పేరే తీసుకుంది. పేరు తీసుకుంటే తీసుకోనీ, పెట్టెలో పెట్టుకుని కూర్చుంటారు. మనిషిని పంపేది నువ్వు! ఎవణ్ణి చంపమంటే వాణ్ణి చంపాలి అక్కడ. ముక్కూ మొహం తెలియని ఏ తల్లి కొడుకునో! ఆ చేతుల్తో పాలు పితికినవాడు! దూడ చచ్చిపోతే రెండ్రోజులు అన్నం తినలేదు వాడు. వాడి చేత మనుషుల్ని చంపిస్తావా, నీ పరువు కోసం?

రాస్తావా, రాయవా? ఈ మంచం తిరగేసేస్తాను. నిజంగా తిరగేస్తాను, నా సంగతి నీకిప్పుడు బాగా తెలుసు!

...ఆ? ఏం లేదమ్మా. ఏం లేదు. మా ఆయనకి సూపు పట్టిస్తున్నాను. తాగనని మారాం చేస్తున్నాడు. నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళమ్మా.

నర్సు వెళ్ళిపోయింది. అరిచానా నేను? అరిచుంటాను.

ఏంటిది, ఏడుస్తున్నావా? ముక్కు దిబ్బడేస్తే నోటితోనూ గాలాడక చస్తావు. ఇటు తిరుగు, తుడుస్తాను. పెళ్ళయ్యాక నువ్వు ఏడవడం ఇదే చూడటం. పెన్సిలు కావాలా? ఇదిగో. నెమ్మదిగా రాయి. కాగితం నేను పట్టుకుంటాను.

'రమ్మను. మోకరించక్కర్లేదు. తప్పు నాది.'

హైరం.

ఓరి నా తండ్రీ. రాశావా? నువ్వేనా రాసింది?

వెళ్తాను. వెళ్తానయ్యా, చెయ్యూపకు. ఇంకా టైముంది. వెళ్ళమని తొందర చేస్తావేంటి, ఇప్పటిదాకా బిగుసుకుని పడుకున్నవాడివి! వెళ్తాను. ముందు ఒక్క మాట విను.

నీకో సంగతి చెప్పలేదు నేను. చెప్పకుండానే నీ చేత ఇది రాయించాను. ఇప్పుడు నువ్వు రాసేశావు కాబట్టి చెప్పక తప్పదు.

వాడు నీ మాట కోసం కాచుక్కూర్చోలేదు. కింద నేనడిగాను, 'మీ నాన్న రమ్మంటే వస్తావా' అని. 'నాన్న కొట్టింది మర్చిపోతానమ్మా. ఆయనకి ఆ ముత్తాత తప్ప ఇంకేం కనపడదు, పాపం' అన్నాడు. పాపమట! నీ గురించి పాపం అన్నాడు. 'కానీ నిన్ను మర్చిపోలేను' అన్నాడు.

నీకు గుర్తుండదు, కోపంలో నీకు ఒళ్ళు తెలీలేదు. నేను కొట్టిన మొదటి దెబ్బ నీ భుజం మీద పడింది. దాంతోనే నువ్వు కూలబడ్డావు. పట్టీ చేతిలోంచి జారిపోయింది. అయిపోయింది అక్కడికి. పిల్లాడు బతికిపోయాడు. 'చాలమ్మా, చాలు!' అని అరిచాడు వాడు. విన్నాను. నీళ్ళు తెర్లే చప్పుడులో కూడా నాకు బాగా వినపడింది. విని, కర్ర మళ్ళీ ఎత్తాను. తీరిగ్గా, చూసి, గురి పెట్టి నీ మొహం మీద కొట్టాను. నువ్వు చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా చూశాను. ఎముక పుటుక్కుమంది.

వాడు నా మొహం చూశాడట. నేను నవ్వుతున్నానట.

అబద్ధమని అన్నాను వాడితో. అబద్ధం కాదు. నవ్వాను. ఎంత హాయిగా ఉందో తెలుసా! ఇన్నేళ్ళు లోపల అణుచుకున్నదంతా భుజాల్లోంచి దిగిపోయినట్టు. ఇంకొక్కటి వేసేదాన్నే, వాడొచ్చి కర్ర పట్టుకోబట్టి ఆగాను. నా చేతుల్లోంచి లాక్కోవడానికి వాడు కుస్తీ పట్టాల్సొచ్చింది. నువ్వంత కొట్టినా చెయ్యెత్తనివాడు, నా మీద చెయ్యెయ్యాల్సొచ్చింది.

'ఎవరి మీదా చెయ్యెత్తొద్దని ఉగ్గుపాలతో పోశావు కదమ్మా. నీలోనే అది ఉంటే ఇంక నేను దేన్ని తప్పించుకోవాలి? సైన్యంలో వాళ్ళు కనీసం చంపేదాన్ని చంపడమనే అంటారు' అన్నాడు. తర్వాత అన్నాడు, 'నువ్వున్న ఇంటికి నేను రాను' అని.

అదీ సంగతి. నిన్నిన్ని మాటలన్నాను కానీ వాణ్ణి ఆ ట్రక్కెక్కించింది నేను.

అందుకని చూడు, నీ మాట కింద నేనూ ఓ ముక్క రాస్తున్నాను. 'అమ్మ ఇంట్లో ఉండదు.' చాలా? చాలు. నేను మా చెల్లెలు లోయిస్ ఇంటికి పోతాను. సూపు గేలన్ కాస్తాడు, వాడికి వచ్చు. ఉప్పు తక్కువేస్తాడు, చెప్పి వేయించుకో. మాట రాదు కదూ నీకు. రాసి చూపించు.

అలా తలూపకు, తీగలు కదుల్తాయి. నేనూ మోకరిస్తే సంఘం నన్ను ఒప్పుకుంటుందనేగా నీ తాపత్రయం? మొదటి దెబ్బకి ఎక్కడంటే అక్కడ మోకరిస్తాను. రెండోదానికి చింతిస్తున్నానని చెప్పలేను. ఆ క్షణం మళ్ళీ వస్తే మళ్ళీ కొడతాను, హైరం.

వదులు. నా చెయ్యి వదలవయ్యా. ట్రక్కు స్టార్ట్ చేశారు.